తొమ్మిదో గది ఫిర్యాదు

మా వృద్ధుల నివాసంలో ఇరవై రెండు గదులున్నాయి. ఒక్కో గదికి రెండేసి తాళంచెవులు. ఒకటి ఆ గదిలో ఉండే పెద్దవాళ్ళ దగ్గర ఉంటుంది, రెండోది నా నడుముకి వేలాడే గుత్తిలో ఉంటుంది. నేను నడుస్తుంటే ఆ గుత్తి గలగలలాడుతుంది. మేనేజరు వస్తోందని వరండా చివరి గదివాళ్ళకి కూడా ముందే తెలిసిపోతుంది. అది నాకు కొంచెం గర్వంగానే ఉండేది.

దీన్ని ఎవరైనా ఆసుపత్రి అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక్కడివాళ్ళు వయసు మళ్ళినవాళ్ళే గానీ మంచాన పడ్డవాళ్ళు కారు. ఒకరికి స్నానాల గదిలో చేయి అందించాలి, ఒకరికి బొత్తాలు పెట్టాలి, ఒకరికి వేళకి మాత్ర గుర్తు చెయ్యాలి. అంతవరకే మా పని. మిగతా రోజంతా వాళ్ళ ఇష్టం.

ఇక్కడే పన్నెండేళ్ళు నర్సుగా చేశాను. నిరుడు పాత మేనేజరు గారు రిటైరయ్యాక నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు, పేరు పక్కన 'తాత్కాలికం' అన్న మాట తగిలించి. ఏడాది తిరిగాక ఇన్‌స్పెక్టరు వచ్చి అన్నీ చూసి సరేనంటే ఆ మాట పోతుంది. కాదంటే నేను పోతాను. నా పాత నర్సు ఉద్యోగంలో అప్పటికే ఇంకొకమ్మాయి కుదురుకుంది కాబట్టి నాకు వెనక్కి వెళ్ళే దారి కూడా లేదు.

అందుకని ఆ ఏడాదంతా నిబంధనల పుస్తకాన్ని తలకింద పెట్టుకుని పడుకున్నాను. మొత్తం నలభై ఒక్క నిబంధనలు. స్నానాల గది కుళాయిలో వేడినీళ్ళు ఎంత వేడి ఉండాలో రోజూ కొలిచి రాయాలి. మాత్రల బండికి తాళం ఉండాలి, మాత్ర ఇచ్చాక సంతకం పెట్టాలి. మెట్ల దగ్గర కుర్చీ అడ్డం ఉండకూడదు. ప్రతి మనిషికీ ఒక సంరక్షణ పత్రం ఉండాలి, అందులో వాళ్ళ అలవాట్లు, ఆరోగ్యం, తీరు అన్నీ రాసి ఉంచాలి. కొత్తగా పనిలో చేరినవాళ్ళని ఎదురుగా నిలబెట్టి పద్నాలుగో నిబంధన నేనే అప్పజెప్పించుకునేదాన్ని. తలుపు కొట్టాలి, రావచ్చా అని అడగాలి, జవాబు వచ్చేదాకా ఆగాలి. తడబడితే మళ్ళీ మొదటినుంచీ చెప్పించేదాన్ని.

ఇన్‌స్పెక్టరమ్మ సన్నగా, పొట్టిగా, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. మంచినీళ్ళు తప్ప ఇంకేమీ పుచ్చుకోలేదు. కుళాయి కింద థర్మామీటరు పెట్టి చూసింది. మాత్రలు లెక్కపెట్టింది. అగ్నిప్రమాదం గంట కొట్టించి, అందరూ పెరట్లోకి చేరడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పట్టుకుని చూసింది. అన్నింటికీ టిక్కు పెట్టింది. నా ప్రాణం కుదుటపడుతుండగా చివరికి ఫిర్యాదుల పుస్తకం అడిగింది.

మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా తెల్లగా తళతళలాడుతున్న పుస్తకాన్ని రెండు చేతులతో అందించాను.

"ఏడాదిలో ఒక్కటి కూడా లేదండి," అన్నాను, కాస్త గొంతు పెంచే.

ఆవిడ పేజీలు తిప్పింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"ఇరవై రెండు మంది. మూడువందల అరవై అయిదు రోజులు. ఒక్కరికి ఒక్క పూటన్నా సూపు చప్పగా అనిపించలేదా?"

"లేదండి. అందరూ సంతోషంగా ఉంటారు."

"మీ ఇంట్లో ఎంతమంది?"

"నేనూ, మా ఆయనా, మా అత్తగారూ."

"అక్కడ రోజుకి ఎన్ని ఫిర్యాదులు వస్తాయి?"

మనసులోనే లెక్కేశాను. మా అత్తగారి ఒక్కావిడవే పొద్దున్న ఎనిమిది లోపల నాలుగుంటాయి.

"చూడమ్మా," అంది ఆవిడ పుస్తకం మూసి. "ఫిర్యాదు లేదంటే నాకు తెలిసి రెండే కారణాలు. చెప్పడానికి భయమన్నా ఉండాలి, చెప్పినా లాభం లేదనన్నా అనుకోవాలి. రెండూ మంచివి కావు. పదిహేను రోజులాగి మళ్ళీ వస్తాను. అప్పటికీ ఈ పుస్తకం ఇలాగే ఉంటే మీ పేరు ఖాయం చెయ్యమని నేను రాయలేను."

ఆవిడ వెళ్ళాక అరగంటసేపు ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాను. ఏడాదిపాటు ఏది చూసుకుని మురిసిపోయానో అదే నా మెడకి చుట్టుకుంది.

ఆదివారం సమావేశంలో అందరినీ హాల్లో కూర్చోబెట్టి విషయం చెప్పాను. దయచేసి ఫిర్యాదులు చెయ్యండి అని బతిమాలాను. ఇలా బతిమాలిన మేనేజరు ఇంకెక్కడా ఉండి ఉండదు.

"నీ మీదా?" అన్నారు రేడియో మావయ్య. పదో గదిలో ఉంటారు, రేడియో చెవికి ఆనించుకుని తప్ప ఎక్కడికీ కదలరు. "నోరెలా వస్తుందమ్మాయ్? మొన్న నాకు జ్వరమొస్తే మూడు రోజులు ఇంటికి వెళ్ళలేదు నువ్వు."

"అది కాదు మావయ్యా. ఏదైనా ఇబ్బంది ఉంటే చెప్పాలి."

"ఆ ఇన్‌స్పెక్టరుదే ఇబ్బందంతా. ఆవిడ మీద రాయమంటే రాస్తా."

అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల పట్టుకున్నాను. గుమ్మం దగ్గర ఒక డబ్బా పెట్టి, చెప్పలేనివాళ్ళు రాసి వెయ్యండన్నాను. మూడో రోజు తీసి చూస్తే పదకొండు చీటీలున్నాయి. పదింటిలో నన్ను పొగిడారు. పదకొండోదాంట్లో 'మేనేజరు అమ్మాయి సరిగ్గా తినడం లేదు, ఎవరైనా పట్టించుకోవాలి' అని ఉంది. ఎలా చూసినా దాన్ని ఈ సంస్థ మీద ఫిర్యాదు అనలేం.

డబ్బా పక్కన నిలబడి నేను చీటీలు చింపుతుంటే కోర్టు బాబాయ్ వచ్చారు. ముప్ఫై అయిదేళ్ళు కోర్టులో రికార్డులు రాసిన గుమస్తా ఆయన. చేతిలో ఎప్పుడూ రెండు కలాలుంటాయి, ఒకటి నల్లది, ఒకటి నీలంది.

"నీకు ఎన్ని కావాలమ్మాయ్?" అని అడిగారు.

"ఏవి బాబాయ్?"

"ఫిర్యాదులు."

అప్పటికే నాకు కోపం ముక్కు మీదుంది. "ఎన్నో కొన్ని," అన్నాను, "ఎవరో ఒకరు రాస్తే చాలు." ఆ మాట అన్నాక ఆయన తల పంకించిన తీరు చూసైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. పప్పులో కాలేశాను.

ఈ గొడవంతటిలో నాకు ఓదార్పుగా ఉన్నది ఒక్క టైలరు పెద్దమ్మే. తొమ్మిదో గదిలో ఉంటుంది. యాభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కిన మనిషి. ఇప్పుడు కీళ్ళనొప్పులతో వేళ్ళు వంకర్లు పోయి, సూదిలో దారం ఎక్కించలేదు. అయినా నేను మేనేజరునైన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా కొత్త కోటు చేతులు నా చేతే కురచ చేయించింది. "మా కొట్లోకి వచ్చిన మనిషిని అద్దం ముందు నిలబెట్టి, సరిగ్గా ఉందనిపించుకున్నాకే వీధిలోకి పంపేదాన్ని. నువ్వైనా అంతే," అంది. నాకు అమ్మ లేదు. ఆ రోజు ఆవిడ నా కాలరు సర్దుతుంటే చిన్నపిల్లలా మెడ చాపి కూర్చున్నాను.

మధ్యాహ్నాలు గలగలా మాట్లాడే ఆ మనిషి పొద్దున మాత్రం పెదవి విప్పేది కాదు. ఏడింటికి ఖాళీ కడుపుతో వేసుకోవాల్సిన మాత్ర ఒకటుంది ఆవిడకి. పాపం ఆ వేళ్ళతో తాళం తిప్పుకోలేదని, నేను తలుపు మీద ఒకటి తట్టి, నా తాళంచెవితో తీసుకుని లోపలికి వెళ్ళిపోయేదాన్ని. దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుని మాత్ర తీసుకుని, తల ఊపేది, అంతే. ఎంత పలకరించినా మాట ఉండేది కాదు. సంరక్షణ పత్రంలో నేనే రాశాను, 'ఉదయం పూట మాట్లాడరు. ముభావం. గమనించవలెను' అని. డాక్టరు గారి చెవిన కూడా వేశాను. ఆయన దిగులుకి ఏదైనా మందు రాద్దామా అని ఆలోచిస్తున్నారు.

పద్నాలుగో రోజు సాయంత్రం కాఫీల వేళకి కోర్టు బాబాయ్ ఫిర్యాదుల పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టారు. ముందు రోజు చూసి ఇస్తానని పట్టుకెళ్ళారు. పెళ్ళికూతుర్ని తెచ్చినంత మురిపెంగా తెచ్చారు.

తెరిచి చూశాను. ఇరవై ఒక్క ఫిర్యాదులు. ఏడాది పొడుగునా తేదీలు వేసి, ఒక పూట నల్లసిరా, ఒక పూట నీలం సిరా, ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్కోదాని కింద ఆయా గదివాళ్ళ సంతకం.

'నర్సు పాటలు పాడుచున్నది. వినలేకున్నాము.' దాని కిందే, 'నర్సు ఈ మధ్య పాటలు మానివేసినది. తోచుటలేదు.' మరొకటి, 'పెరటిలోని గులాబీ మొక్క మా కిటికీ వైపు తిరుగుటలేదు.' ప్రతిదాని పక్కనా చర్య అన్న గడిలో ఒకటే వాక్యం, 'పై విషయము మేనేజరు గారు స్వయముగా విచారించి తక్షణ చర్య గైకొనిరి.'

"బాబాయ్," అన్నాను నెమ్మదిగా, "ఈ జనవరి ఫిర్యాదు కింద రేడియో మావయ్య సంతకం ఉంది. ఆయన ఇక్కడికి వచ్చింది జూన్‌లో."

ఆయన కళ్ళజోడు సవరించుకుని చూశారు. "అవును సుమా. పోనీ, ముందుచూపు గల మనిషనుకుంటారు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ముసలివాళ్ళంతా కూడబలుక్కుని, నా కోసం, నా మీద అబద్ధాలు రాశారు. తిట్టబోయి ఆగి, పేజీ తిప్పాను.

ఆఖరి పేజీలో కాగితమంతా పరుచుకున్న పెద్ద పెద్ద వంకర అక్షరాలు. తేదీ లేదు.

"అది టైలరమ్మ రాత," అన్నారు బాబాయ్ మొహం మాడ్చుకుని. "నువ్వు చెప్పు, నేను రాస్తానన్నా. వినకుండా కలం లాక్కుంది. పుస్తకం అందమంతా పాడైంది."

చదివాను.

'మేనేజరు అమ్మాయి పొద్దున ఏడింటికి తలుపు కొడుతుంది. కొడుతూనే తీసేస్తుంది. అప్పటికి నా పళ్ళు గ్లాసులో ఉంటాయి. ఈ వేళ్ళతో పెట్టుకోడానికి పది నిమిషాలు పడుతుంది. ఏడాదిగా పళ్ళు లేని మొహమే చూపిస్తున్నా. నాకు సిగ్గుగా ఉంది. ఆమె అంటే ప్రాణం. అందుకే చెప్పలేదు. గది 9.'

ముందు నాకు కోపం వచ్చింది, దాచుకోవడం ఎందుకు. ఎవరి కోసం తెల్లారకుండానే లేచి వస్తున్నాను, ఎవరి వేళ్ళు నొప్పెడతాయని ఆ తాళం నేను తీస్తున్నాను అనుకున్నాను. రెండోసారి చదివాను. మూడోసారి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. పద్నాలుగో నిబంధన తడబడితే మళ్ళీ మొదటినుంచీ చెప్పించిన మనిషిని నేను. ఆ నిబంధనని రోజూ ఏడింటికి, ప్రేమతో, తాళంచెవి పెట్టి మరీ తోసేసుకుని లోపలికి వెళ్ళాను. రెండు రోజులుగా ఆవిడ మధ్యాహ్నాలు కూడా నా ముఖం చూడకుండా ఎందుకు తప్పుకుంటోందో అప్పుడు తెలిసింది.

బాబాయ్ నా వైపు వంగారు. "ఈ ఒక్క పేజీ చింపేద్దామా? రేపు ఆవిడ వస్తే మిగతాది చాలు. ఈ పేజీ ఉంటే మాత్రం నువ్వే నిబంధన తప్పావని నీ నోటితో ఒప్పుకున్నట్టే. ఉద్యోగం పోతుందమ్మాయ్. ఆలోచించుకో."

ఆలోచించుకోలేదంటే అబద్ధం. కాఫీ చల్లారిపోయేదాకా ఆలోచించాను. చివరికి పేజీ అంచు మీద వేలు పెట్టి చూపించాను.

"పేజీలకి నంబర్లున్నాయి బాబాయ్."

"ఉంటే?"

"చించితే తెలుస్తుంది. తెలియకపోయినా నేను చించను. ఈ పుస్తకం మొత్తంలో నిజం అదొక్కటే."

ఎర్ర కలం తీసి, ఆ ఇరవై ఒక్క ఫిర్యాదుల మీదా అడ్డంగా గీతలు కొట్టి, 'ఇవి నిజం కావు. ఎన్నో కొన్ని రాయమన్నది నేనే, తప్పు నాది' అని రాసి సంతకం పెట్టాను. ఒక్కో గీతకీ బాబాయ్ తన వేలు తెగినట్టు ఉలిక్కిపడ్డారు.

మర్నాడు పొద్దున్న ఏడింటికి ఇంకా అయిదు నిమిషాలుండగా ఇన్‌స్పెక్టరమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పుస్తకం అడిగింది. నిలబడే చదివింది. గులాబీ మొక్క దగ్గర ఆవిడ మూతి కొంచెం వణికింది గానీ నవ్వలేదు. ఎర్రగీతలు చూసింది, కింద నా మాట చదివింది. ఆఖరి పేజీ రెండుసార్లు చదివింది.

"ఇది నిజమేనా?"

"నిజమేనండి."

"ఎంతకాలంగా?"

"ఏడాదిగా. రోజూ."

ఆవిడ గడియారం చూసుకుంది. "ఏడయింది. పదండి, మాత్రల బండితో నేనూ వస్తాను."

తొమ్మిదో గది ముందు బండి ఆపాను. గుత్తి గలగలలాడకుండా ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఉద్యోగం సంగతి ఆ క్షణంలో గుర్తులేదు. లోపలున్న మనిషి నన్ను మళ్ళీ దగ్గరికి రానిస్తుందా లేదా అన్నదే నా బెంగ. తలుపు కొట్టాను. కొట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

లోపల మంచం కిర్రుమంది. తర్వాత అలికిడి లేదు. తాళం తిరుగుతుందని ఎదురుచూస్తున్నట్టుంది ఆవిడ. కాసేపటికి, అరచేతి వెనక నుంచి వచ్చినట్టు సన్నగా ఒక గొంతు వినబడింది.

"తాళంచెవి పోయిందా?"

"లేదు పెద్దమ్మా. నా దగ్గరే ఉంది. లోపలికి రావచ్చా?"

తలుపు నుంచి ఒక అడుగు వెనక్కి జరిగాను.

"ఆగు," అంది.

ఆగాం. గ్లాసులో నీళ్ళ చప్పుడైంది. ఏదో కింద పడింది, సొరుగు తెరుచుకుంది, మూసుకుంది. వెళ్ళి సాయం చెయ్యమని నా చేతులు లాగుతున్నాయి. పన్నెండేళ్ళ అలవాటు మరి. నాలుగు నిమిషాలు, అయిదు నిమిషాలు గడిచాయి. ఇన్‌స్పెక్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. పదో గది తలుపు తెరుచుకుని రేడియో మావయ్య తల బయటికి వచ్చింది.

"ఏడూ పదయింది. నా మాత్ర ఏదమ్మాయ్? రోజూ ఏడూ అయిదుకి ఇస్తావుగా. ఏమిటీ ఆలస్యం?" ఆయన నిజంగానే చిరాగ్గా ఉన్నారు. పక్కనున్న మనిషి ఎవరో గుర్తుపట్టాక నాలిక కరుచుకున్నారు. "అంటే, ఊరికే అన్నాను. ఏం కంగారు లేదు."

"లేదు మావయ్యా, మీరన్నది నిజమే," అన్నాను. "పుస్తకంలో రాయండి. రేపటినుంచి మీ గది ముందు, పెద్దమ్మ గది తర్వాత పెట్టుకుంటాను."

ఆయన ఒకసారి నన్నూ, ఒకసారి ఇన్‌స్పెక్టరమ్మనీ చూశారు. "రాస్తే నీకేం కాదుగా?"

"రాయకపోతేనే అవుతుంది," అంది ఇన్‌స్పెక్టరమ్మ.

అంతలో తొమ్మిదో గది తాళం లోపలినుంచి కదిలింది. ఒకసారి జారిపోయింది, మళ్ళీ కదిలింది. తలుపు దానంతట అదే తెరుచుకోలేదు, ఆ వంకర వేళ్ళే తెరిచాయి. టైలరు పెద్దమ్మ తల దువ్వుకుని, ఉతికిన గౌను వేసుకుని, పై బొత్తం దాకా పెట్టుకుని నిలబడి ఉంది. నా వెనకున్న మనిషిని అసలు చూడలేదు. నన్నే చూసింది.

"కోపం వచ్చిందా?" అని అడిగింది.

"మొదట వచ్చింది. ఇప్పుడు సిగ్గేస్తోంది."

"ఇద్దరిలో ఒకరికైనా సిగ్గు తీరిందిలే," అని నవ్వింది.

దుప్పటి అడ్డం లేదు, చెయ్యి అడ్డం లేదు. ఏడాదిగా పొద్దున పూట నేను చూడని నవ్వు అది. మాత్ర చేతిలోకి తీసుకుంది గానీ వేసుకోలేదు. ముందు మాట్లాడింది. రాత్రి వచ్చిన కల చెప్పింది, కిటికీ మీద వాలే పిట్ట సంగతి చెప్పింది, నా కోటు వెనక దారం ఊడుతోందని పట్టుకుని నన్ను అటూ ఇటూ తిప్పింది. ఏడాది పొద్దుల మాటలన్నీ వరుసలో నిలబడి ఉన్నట్టున్నాయి. ఎనిమిదో గదివాళ్ళూ, పదకొండో గదివాళ్ళూ తలుపులు తీసి చూస్తున్నారు. మాత్రలు మరో పావుగంట ఆలస్యమయ్యాయి, ఆ పూటే ఇంకో రెండు ఫిర్యాదులొచ్చాయి.

ఇన్‌స్పెక్టరమ్మ ఆఫీసులో కూర్చుని తన కాగితం నింపింది. ఈసారి కాఫీ పుచ్చుకుంది. "ఆ రోజు నేను రెండే కారణాలు చెప్పాను," అంది కప్పు కింద పెడుతూ. "మూడోది నాకూ తెలియదు. ప్రేమ కొద్దీ కూడా నోరు మూసుకుంటారన్నమాట." కాగితం నా వైపు తిప్పింది. 'ఫిర్యాదుల పద్ధతి ఈ రోజు నుంచి నడుస్తోంది' అని రాసి, నా పేరు పక్కనున్న 'తాత్కాలికం' మీద గీత కొట్టింది. సూపులో ఉప్పు తక్కువని ఎవరో ఒకరు వారంలోగా చెప్పకపోతే మళ్ళీ వస్తానని కూడా అంది.

ఆవిడ వెళ్ళాక డాక్టరు గారికి ఫోను చేసి, ఆ దిగులు మందు అక్కర్లేదని చెప్పాను. తర్వాత తొమ్మిదో గది సంరక్షణ పత్రం తీశాను. 'ఉదయం పూట మాట్లాడరు' అన్న నా రాతని ఎర్రకలంతో కొట్టేసి, కింద తేదీ వేసి, 'తలుపు బయట ఆగితే మాట్లాడతారు' అని రాశాను.